పాత ఎయిర్‌లైన్ ఎలా పెరుగుతుంది? కొన్ని అపోహలు, వాస్తవాలు

పెళ్లిళ్లలో నా ఉద్యోగం సంగతి తెలియగానే మావాళ్లు అడిగే మొదటి ప్రశ్న, టికెట్ ఎప్పుడు కొంటే చవక అని. రెండోది, "అంత పెద్ద కంపెనీ కదరా, ఇంకో యాభై విమానాలు కొని పడెయ్యచ్చుగా?" నాది రెవెన్యూ మేనేజ్‌మెంట్, అంటే ఏ సీటు ఏ రోజు ఎంతకి అమ్మాలో చూసే పని. మొదటిదానికి నా దగ్గరా జవాబు లేదు. రెండోదానికి ఉంది.

అపోహ: విమానాలు, ఊళ్లు పెంచితే అదే ఎదుగుదల.

కొత్త కంపెనీకైతే నిజమే. 1971లో డాలస్, హ్యూస్టన్, శాన్ ఆంటోనియో మధ్య మూడు విమానాలతో మొదలైన అమెరికా ఎయిర్‌లైన్ సౌత్‌వెస్ట్ అలాగే పెరిగింది. కానీ యాభై ఏళ్లు దాటాక మంచి రూట్లన్నీ ఎప్పుడో అయిపోయి ఉంటాయి, మిగిలేవి డబ్బు రాని ఊళ్లే. పైగా బయటివాళ్లకి కనిపించనిది ఒకటుంది. అమెరికాలో పైలట్ జీతం సర్వీసుని బట్టి పన్నెండో ఏడాది దాకా పెరుగుతూ పోతుంది, కాబట్టి కొత్తవాళ్లు చేరుతున్నంత కాలం సగటు జీతం అదుపులో ఉంటుంది, చేరడం ఆగిందా, అదే విమానం అదే రూట్లో తిరుగుతున్నా ఖర్చు ఏటేటా పెరుగుతుంది. అందుకే ముసలి కంపెనీ ముందు ఉన్న సీటు మీదే ఎక్కువ రాబట్టుకోవాలి.

అపోహ: ఫ్లైట్ ఫుల్‌గా వెళ్తే లాభమే.

ఇది నాకు బాగా చిరాకు. మూడు వారాల ముందే నిండిపోయిన ఫ్లైట్ స్క్రీన్ మీద కనబడితే మా టీమ్‌లో ఎవరూ సంబరపడరు, "ఎవరు చవగ్గా అమ్మేశారు?" అని అడుగుతారు. 180 సీట్లలో నలభై ఏదో గ్రూపుకి ఐదు నెలల ముందు తక్కువ రేటుకి ఇచ్చేశామనుకోండి, చివరి రెండు రోజుల్లో మీటింగ్ పడి నాలుగింతలైనా ఇస్తానని వచ్చేవాడికి సీటుండదు, వాడు పక్క కంపెనీకి పోతాడు. మనం మాత్రం నూటికి నూరు శాతం లోడ్ అని మురిసిపోతాం.

మనవాళ్లు కలవరించే హైదరాబాద్-అమెరికా డైరెక్ట్ ఫ్లైట్‌దీ ఇదే లెక్క. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్-షికాగో వేసింది, నిలబడలేదు. పిల్లల్ని చూడ్డానికి వెళ్లే అమ్మానాన్నలతో ఎకానమీ నిండొచ్చు, కానీ అంత దూరం ఎగిరే విమానానికి అసలు డబ్బు రావాల్సింది ముందు వరసల్లోని ఖరీదైన బిజినెస్ క్లాస్ సీట్లలోంచి.

అపోహ: ఇంకో ఎయిర్‌లైన్‌ని కొనేస్తే సరి.

2007లో జెట్ ఎయిర్‌వేస్ 1,450 కోట్లకు సహారాని కొంది. 2019 ఏప్రిల్‌లో జెట్ ఆగిపోవడానికి అదొక్కటే కారణం కాదు గానీ, బరువెక్కడం అక్కడే మొదలైందని నా అభిప్రాయం. 2011లో ఎయిర్‌ట్రాన్‌ని కొన్న సౌత్‌వెస్ట్ నయం, దానివల్ల అట్లాంటా ఎయిర్‌పోర్టులో చోటు దొరికింది. దాంతోపాటు వచ్చిన 88 బోయింగ్ 717లని మాత్రం ఉంచుకోకుండా డెల్టా అనే ఇంకో ఎయిర్‌లైన్‌కి లీజుకిచ్చేసింది, ఎందుకంటే తన దగ్గరున్నవన్నీ 737లే, రెండో రకం వస్తే పైలట్ల శిక్షణ, స్పేర్ పార్టులు అన్నీ రెండేసి అవుతాయి.

అపోహ: ఎయిర్‌లైన్ అమ్మేది టికెట్లే.

తరచూ ఎగిరేవాళ్లకి ఇచ్చే మైళ్ల పాయింట్లని ఎయిర్‌లైన్లు క్రెడిట్ కార్డు కంపెనీలకి కూడా అమ్ముతాయి. 2024లో ఒక్క అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కార్డు ఒప్పందం మీదే డెల్టాకి 700 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది. 2020లో కోవిడ్‌కి విమానాలు నేల మీద ఉన్నప్పుడు యునైటెడ్ ఎయిర్‌లైన్స్ తన మైళ్ల పాయింట్ల ప్రోగ్రామ్ తాకట్టు పెట్టి 680 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. ఇంకేం చెప్పాలి.

అపోహ: గెలిపించిన పద్ధతిని ముట్టుకోకూడదు.

సౌత్‌వెస్ట్ 2019 వరకు వరసగా 47 ఏళ్లు లాభాలు చూసింది. తర్వాత ఖర్చులు పెరిగాయి, 2024లో ఎలియట్ అనే ఇన్వెస్టర్ సంస్థ వచ్చి తను చెప్పినవాళ్లని బోర్డులో కూర్చోబెట్టింది. సీట్ నంబర్లు ఇవ్వకపోవడమనే పాత అలవాటు 2026 జనవరిలో పోయింది, అది మంచిదే, కాళ్లు చాపుకునే సీటుకి డబ్బిచ్చేవాళ్లున్నప్పుడు ఊరికే ఇవ్వడం దేనికి?

రెండు బ్యాగులు ఫ్రీగా తీసుకెళ్లనివ్వడమనే ఇంకో పాత అలవాటు విషయంలోనే నాకు అనుమానం. ఫీజు పెడితే ఏటా 100 నుంచి 150 కోట్ల డాలర్లు వస్తాయనీ, కస్టమర్లు పోవడం వల్ల 180 కోట్లు పోతాయనీ 2024 సెప్టెంబర్‌లో ఇన్వెస్టర్లకి లెక్క చూపించింది సౌత్‌వెస్టే. 2025 మే 28 నుంచి ఫీజు పెట్టిందీ అదే. డాలస్‌లో ఉండే మా పిన్ని ఊరగాయ సీసాలు సర్దిన రెండు పెట్టెలూ ఫ్రీ అని ఇన్నాళ్లూ వేరే ఎయిర్‌లైన్ రేటు చూసేదే కాదు. మొన్న ఫోన్ చేసి, నాలుగు కంపెనీల రేట్లు పక్కపక్కన పెట్టి ఎలా చూడాలో అడిగింది.