"ఇది టిఫనీయేనా అండీ?" పాత టేబుల్ ల్యాంపుల మీద అపోహలు - వాస్తవాలు

పాత ల్యాంపులు విప్పి, బాగుచేసి, మళ్ళీ బిగించడం నా పని. వారానికి ఒక్కరైనా ఫోటో పంపి పైన రాసిన ప్రశ్నే అడుగుతారు. ఆ ఫోటోలో ల్యాంపు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, నాకేమో ఆర్పేసి, తిరగేసి, అడుగు కనిపించేలా తీసిన ఫోటో కావాలి.

అపోహ: రంగు గాజు ముక్కలు అతికిస్తే టిఫనీ ల్యాంపే

ఇప్పుడది ఒక స్టైల్ పేరైపోయింది, నిన్న తయారైన షేడ్‌కీ అదే పేరు తగిలిస్తారు. అసలు టిఫనీ స్టూడియోస్ అంటే న్యూయార్క్‌లో లూయిస్ కంఫర్ట్ టిఫనీ నడిపిన సంస్థ, 1932లో దివాలా తీసింది. (నగల టిఫనీ అనేది ఈ లూయిస్ నాన్న పెట్టిన కంపెనీ, అది వేరు.) ఆ రోజుల్లోనే డఫ్నర్ అండ్ కింబర్లీ లాంటి వాళ్ళు అదే ఊళ్ళో పోటీగా మంచి ల్యాంపులు చేశారు, కాబట్టి పాతదైనా, బాగున్నా టిఫనీ కాకపోవచ్చు.

గాజు దగ్గరగా చూడండి. మంచి షేడ్‌లో ఒక్క పూరేకులోనే లేత గులాబీ మెల్లగా ముదురు ఎరుపులోకి తిరుగుతుంది. అది పైన వేసిన రంగు కాదు, గాజులోనే కలిసి ఉన్న రంగు. పెద్ద పలకలో సరిగ్గా ఆ చోటు వెతికి మరీ కోశారు. చవక నకలులో రేకులన్నీ ఒకే ఎరుపు. ముక్కల మధ్య ఉన్నదంతా సీసం పట్టీ అనుకుంటారు గానీ, ప్రతి ముక్క అంచుకీ సన్నటి రాగి రేకు చుట్టి టంకం పోశారు, లేకపోతే అంత చిన్న ముక్కలతో గుండ్రటి షేడ్ నిలబడదు.

ఇంకోటి, టిఫనీ డిజైన్లన్నీ లూయిస్ టిఫనీయే గీశాడనుకుంటారు. విస్టేరియా (ఊదా పూల తీగ), తూనీగల డిజైన్లు క్లారా డ్రిస్కల్‌వి, గాజు కోసే మహిళల విభాగానికి ఆమే పెద్ద. ఆమె ఇంటికి రాసుకున్న ఉత్తరాలు పరిశోధకుల కంటబడేదాకా ఈ సంగతి పెద్దగా ఎవరికీ తెలీదు!

అపోహ: ముద్ర ఉంటే అసలుదే

నకలు చేయడానికి అన్నిటికంటే తేలికైనది ముద్రే. ఫ్రాన్స్‌లోని నాన్సీకి చెందిన గాజు కళాకారుడు ఎమిల్ గాలే సంగతే తీసుకోండి. ఆయన 1904లో పోయినా కంపెనీ చాలా ఏళ్ళు నడిచింది, అదే పేరుతో ల్యాంపులు వచ్చాయి. ఆ తర్వాతెప్పుడో రుమేనియాలో అదే తరహావి చేసి, గాలే పేరు పక్కన "టిప్" (TIP) అని చెక్కారు. వాళ్ళ భాషలో టిప్ అంటే "తరహా" అనే. చేసినవాళ్ళు నిజాయితీగానే రాశారు, మధ్యలో అమ్మేవాళ్ళు ఆ మూడక్షరాల్ని అరగదీసేస్తారు. లైటు ఏటవాలుగా వేసి సంతకం పక్కన వేలితో తడమండి, చుట్టూ లేని నునుపు అక్కడ తగిలితే అనుమానించాల్సిందే.

హోల్డర్ మీది పేటెంటు తేదీ చూసి ల్యాంపు వయసు లెక్కగట్టేవాళ్ళూ ఉన్నారు. అది ఆ హోల్డర్ డిజైన్‌కి పేటెంటు వచ్చిన తేదీ, అంతే. పైగా హోల్డర్ ఎన్నిసార్లు మారిందో!

అపోహ: గాన్ విత్ ద విండ్ ల్యాంపులు అమెరికా అంతర్యుద్ధం నాటివి

రెండు గాజు గోళాలుండే ఆ కిరోసిన్ దీపాలు బాగా వాడుకలోకి వచ్చింది 1880ల తర్వాత. అదే పేరున్న సినిమా కథ 1860లది, సినిమా 1939లో వచ్చింది, సెట్లో ఈ దీపాలు పెట్టారు, పేరు అతుక్కుపోయింది.

అపోహ: తళతళలాడేలా తోమితే విలువ పెరుగుతుంది

దీని దగ్గర నాకు బీపీ పెరుగుతుంది. కంచు బేస్ మీది ముదురు గోధుమ-పచ్చ పొర మురికి కాదండీ, చాలా కంపెనీలు రసాయనాలతో కావాలని తెప్పించిన రంగు అది. ఇత్తడి పాలిష్ పెట్టి రుద్దితే పది నిమిషాల్లో పోతుంది, తిరిగి రాదు.

షేడ్ లోపలైతే ఇంకా జాగ్రత్త. అమెరికాలో మెరిడెన్‌లోని హాండెల్, న్యూ బెడ్‌ఫర్డ్‌లోని పెయిర్‌పాయింట్ కంపెనీలు పేరు తెచ్చుకున్నదే షేడ్ లోపలి వైపు బొమ్మ వేయడంలో. వాటిని చూసి చవక రకాలూ చాలా వచ్చాయి, వాటిలో కొన్నిటికి రంగు కొలిమిలో కాల్చి పట్టించలేదు. కొత్తలో నేను అలాంటి ఒకదాన్ని సబ్బునీళ్ళతో కడిగాను, గుడ్డ తీసి చూస్తే ఒక చెట్టు ఆకులు సగం దాని మీదే ఉన్నాయి. ఇప్పటికీ షేడ్ లోపల మెత్తటి పొడి బ్రష్ తప్ప ఇంకేదీ పెట్టను.

అపోహ: పాత వైరు మారిస్తే విలువ పోతుంది

గుడ్డ చుట్టిన పాత వైరు లోపలి రబ్బరు ఎండి, వంచితే పొడిలా రాలుతుంది. ఇత్తడి గొట్టంలో అలాంటి వైరుంటే షాకే. మార్చేయండి. హోల్డర్, గొలుసు స్విచ్ బాగుంటే అవే ఉంచి, స్క్రూ హోల్డర్ అయితే ఫేజు నడిమి మొనకీ, న్యూట్రల్ మర ఉన్న గొట్టానికీ ఇవ్వాలి. తీసిన పాత వైరునీ ప్లగ్‌నీ ఒక కవర్లో వేసి ల్యాంపుతోపాటే ఇచ్చేస్తాను, కొనేవాళ్ళు అడిగితే చూపించుకుంటారు. బల్బు మాత్రం తక్కువ వాట్ల ఎల్ఈడీ, 2700 కెల్విన్‌ది (పసుపు వెలుగుది). ఈ గాజు రంగులు ఆనాటి మసక పసుపు బల్బుల ముందు ఎంచుకున్నవి, తెల్ల లైటు పెడితే ఆ గులాబీ రేకులు పాలిపోయి కనిపిస్తాయి.