ఇన్సూరెన్స్ లాయరంటే క్లెయిము ఎగ్గొట్టేవాడేనా? సబ్రొగేషన్ పని మీద కొన్ని అపోహలు, వాస్తవాలు

పెళ్ళిళ్ళకి నెల్లూరు వెళ్ళినప్పుడల్లా ఎవరో ఒక పెద్దాయన అడుగుతారు, "మద్రాసులో ఏం చేస్తుంటావు నాయనా?" అని. "ఇన్సూరెన్స్ కంపెనీల కేసులు చూస్తానండీ" అంటే చాలు, ముఖం మారిపోతుంది. ఈ మధ్య లా చదువుతున్న పిల్లలు కూడా అదే ముఖం పెడుతున్నారు కాబట్టి రాస్తున్నాను.

అపోహ: ఇన్సూరెన్స్ తరఫు లాయరు పనే క్లెయిము ఇవ్వకుండా చూడటం.

వాస్తవం: అలాంటి కేసులు చూసేవాళ్ళు వేరే ఉన్నారు. నా బల్ల మీదికి ఫైలు వచ్చేసరికి పార్టీకి డబ్బు ముట్టేసి ఉంటుంది. ఒక లారీ బోల్తా పడి సరుకు పాడైందనుకోండి. సరుకు యజమానికి కంపెనీ నష్టం కట్టిస్తుంది. కట్టాక, ఆ యజమానికి ట్రాన్స్‌పోర్టు వాళ్ళ మీద ఉన్న హక్కు కంపెనీ చేతికి వస్తుంది. అదే సబ్రొగేషన్. దాన్ని పట్టుకుని అసలు బాధ్యుడి దగ్గర వసూలు చేయడం నా పని. మెరైన్ బీమాకి ఇది 1963 నాటి చట్టం 79వ సెక్షన్‌లోనే ఉంది.

అపోహ: క్లెయిము డబ్బు తీసుకున్నాం, ఇక కోర్టు గొడవ కంపెనీది. మాకేం సంబంధం?

వాస్తవం: చాలా సంబంధం ఉంది. ఎకనామిక్ ట్రాన్స్‌పోర్ట్ ఆర్గనైజేషన్, చరణ్ స్పిన్నింగ్ మిల్స్ మధ్య కేసులో సుప్రీం కోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2010లో దీన్ని తేల్చింది. నూలు బేళ్ళ రవాణా నష్టం మీద మొదలైన తగాదా అది. ఉత్త సబ్రొగేషన్ అయితే దావా పాలసీదారు పేరు మీదే వేయాలి, లేదా ఇద్దరూ కలిసి వేయాలి. అంటే సాక్ష్యం చెప్పడానికి మీ మనిషి రావాలి. కేసు విచారణకి వచ్చే నాటికి ఆ స్టోర్స్ మేనేజరు ఉద్యోగం మారి ఏ పుణేలోనో ఉంటాడు. అతన్ని బతిమాలి రప్పించడం కూడా లాయరు పనేనని కాలేజీలో ఎవరూ చెప్పరు.

ఇంకో మాట. నష్టం 10 లక్షలు, కంపెనీ ఇచ్చింది 7 లక్షలు అనుకోండి. తర్వాత మొత్తం వసూలైతే మిగతా 3 లక్షలు మీవే. అయితే మీరు సంతకం పెట్టిన లెటరులో హక్కు పూర్తిగా బదిలీ చేస్తున్నట్టు రాసుంటే మాత్రం వచ్చినదంతా కంపెనీదే. ఆ లెటరు చదివి సంతకం పెట్టినవాళ్ళని నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను.

అపోహ: వాదన గట్టిగా ఉంటే కేసు గెలుస్తాం.

వాస్తవం: రోడ్డు రవాణా కేసులో నేను వాదించాల్సింది నిజానికి తక్కువే. 2007 నాటి క్యారేజ్ బై రోడ్ చట్టం ప్రకారం ట్రాన్స్‌పోర్టు వాళ్ళ నిర్లక్ష్యాన్ని మనం రుజువు చేయనక్కర్లేదు. కానీ నష్టం గురించి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, అదీ 180 రోజుల్లోపు. ఈ 180 రోజులు సరుకు చేరిన నాటి నుంచి కాదు, బుక్ చేసిన నాటి నుంచి. నష్టం లెక్కగట్టే సర్వేయరు రిపోర్టు రావాలి, క్లెయిము పాస్ కావాలి, ఫైలు లీగల్ విభాగానికి కదలాలి. ఇన్నీ అయ్యాక నాకు ఫైలు ఇస్తారు. మొట్టమొదట నేను చూసేది ఎల్.ఆర్. (లారీ బుకింగ్ రసీదు) మీద తేదీ. ఒకసారి 176వ రోజున ఫైలు వచ్చింది, ఆ సాయంత్రమే నోటీసు పోస్టు చేశాం. ఇంకోటి 190 దాటాక వచ్చింది. మధ్యలో ఎవరైనా నోటీసు ఇచ్చారేమోనని ఫైలంతా వెతికాను. లేదు. మంచి కేసు, పైసా రాలేదు.

నోటీసు సకాలంలో వెళ్ళినా ఇంకో అడ్డంకి ఉంది. ఎక్కువ రిస్కు రేటు (పూర్తి బాధ్యత తీసుకోవడానికి అడిగే అదనపు కిరాయి) కట్టకుండా సరుకు పంపితే ట్రాన్స్‌పోర్టు వాళ్ళ బాధ్యత మామూలుగా కిరాయికి పది రెట్లకే పరిమితం. కిరాయి దగ్గర మిగిల్చిన నాలుగు డబ్బులు ఇక్కడ తేలతాయి.

ఓడ సరుకైతే దావా వేయడానికి గడువు ఏడాది. అక్కడ ఒక సరదా ఉంది, మద్రాసు హైకోర్టు నుంచి ఓడనే అరెస్టు చేయించవచ్చు, అంటే కదలకుండా ఆపించవచ్చు. సరుకు నష్టాన్ని అడ్మిరల్టీ చట్టం, 2017 సముద్ర క్లెయిముగా గుర్తించింది. లంగరు వేసిన ఓడకి ఆర్డరు అందిస్తే, అప్పటిదాకా ఈమెయిలుకి జవాబు ఇవ్వనివాళ్ళు గ్యారంటీ పట్టుకుని పరుగెత్తుకొస్తారు.

అపోహ: అగ్నిప్రమాదం అంటే షార్ట్ సర్క్యూట్, దానికి ఎవరి మీద కేసు?

వాస్తవం: షార్ట్ సర్క్యూట్ అనేది కారణం తెలియనప్పుడు రాసే మాట. ఎక్కడ, ఏ పరికరంలో, ఎవరు బిగించిన వైరింగులో అన్నదే అసలు ప్రశ్న. మాధవరం వైపు ఒక గోడౌన్ కేసులో నేను వెళ్ళేసరికి నేల అద్దంలా తుడిచి ఉంది. కాలిన ప్యానెల్ బోర్డు ఏదీ అంటే, పాత ఇనుము కింద అమ్మేశామన్నారు. సీసీటీవీ డీవీఆర్ ఉంది, దాంట్లో పాత రికార్డింగు మీద కొత్తది ఎక్కేసింది. కాలిపోయాక మిగిలిన బూడిదే మా పొలం. దాన్ని ఊడ్చేస్తే ఇక పంటేముంటుంది?

అద్దె గోడౌన్లలో ఇంకో భ్రమ. ఓనరుకి ఫైర్ పాలసీ ఉంది కదా అని అద్దెకున్నవాళ్ళు నిశ్చింతగా ఉంటారు. ఆ పాలసీ మీ సరుకుకి రాదు. పైగా మంట మీ తప్పు వల్ల అంటుకుంటే, ఓనరుకి డబ్బు కట్టిన కంపెనీ తర్వాత మీ మీదికే రావచ్చు.

అపోహ: వరదలొస్తే ఈ లాయర్లకి పండగ.

వాస్తవం: 2015 డిసెంబరు వరదలప్పుడు నన్నూ అలాగే అన్నారు. వాన మీద దావా వేయలేం. మనిషి తప్పు దొరికితేనే మా పని.

అపోహ: వసూలైనదాంట్లో పర్సంటేజీ, బాగా డబ్బు.

వాస్తవం: అది అమెరికా మాట. ఇక్కడ కేసు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకి విరుద్ధం. కంపెనీ తన ప్యానెల్ (జాబితా) లాయర్లకి పెట్టిన ఫీజు ఎంతో అంతే. కంపెనీలో పూర్తికాలం జీతానికి చేరితే అడ్వకేటుగా కోర్టులో నిలబడటం కుదరదు, అదీ గుర్తుంచుకోండి. యునైటెడ్ ఇండియా ప్రధాన కార్యాలయం ఈ ఊళ్ళోనే, ప్రైవేటు కంపెనీలవీ ఉన్నాయి కాబట్టి పనికి లోటు లేదు. తమిళం చదవడం మాత్రం నేర్చుకోవాలి, ఎఫ్.ఐ.ఆర్. తమిళంలోనే ఉంటుంది. మన తెలుగూ వృథా పోదు. లారీ డ్రైవరు ఒంగోలువాడైతే, ఏం జరిగిందో వాడి భాషలో అడిగినవాడికే పూర్తిగా చెప్తాడు.

ఇదంతా రాస్తుండగానే ఇక్కడి ప్యారీస్ కార్నర్ నుంచి మా పిన్ని కొడుకు ఫోను.

"అన్నా, మిరపకాయ బస్తాలు తడిసి వచ్చాయి. డ్రైవరు డెలివరీ కాపీ మీద సంతకం పెట్టమన్నాడు."

"తడిసినట్టు రాసి పెట్టావా?"

"ఏం రాయలేదన్నా. పెట్టేశా."