సీసాలో నాలుగు పాములు

అనంతపురం జిల్లాలో శెనక్కాయ చేలో పాము కరిచి ఆసుపత్రికి వచ్చినవాళ్లకు ఎక్కించే ఏఎస్‌వీ (యాంటీ స్నేక్ వెనమ్) మందు ఒక్కటే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషాలను గుర్రాలకు ఎక్కించి తయారుచేసే విరుగుడు అది. ఏది కరిచిందో తేలకపోయినా వాడొచ్చు, అదే దాని గొప్ప. కానీ ఆ నాలుగు పేర్లూ ఎలా పుట్టాయో చూస్తే, లెక్క ఇంకా తెగలేదని తెలుస్తుంది.

మొదలు మన తీరంలోనే. 1781లో విశాఖపట్నం వచ్చిన స్కాట్లండ్ వైద్యుడు ప్యాట్రిక్ రస్సెల్ పాములు తెప్పించి, బొమ్మలు గీయించి, కోళ్లనూ కుక్కలనూ కరిపించి, ఏది ప్రాణం తీస్తుందో పరీక్షించాడు. 1796 నాటి ఆయన పుస్తకంలో పాముల పేర్లు చాలావరకు తెలుగువే: కాటుక రేకుల పొడ, బంగారం పాము. 1801లో జర్మనీ శాస్త్రవేత్త ష్నైడర్ కట్లపాముకూ చిన్నపింజరకూ లాటిన్ పేర్లు పెట్టింది ఈ పుస్తకం ఆధారంగానే. రక్తపింజరకైతే రస్సెల్ పేరే స్థిరపడింది.

ఆ తర్వాత చాలాకాలం పొలుసుల లెక్కే ప్రమాణం: నడుం చుట్టూ ఎన్ని వరసలు, తోక కింద పొలుసులు ఒంటివా, జంటవా. కట్లపాముకు వెన్ను వెంట ఆరు పలకల పెద్ద పొలుసులుంటాయి, దాన్ని పోలిన విషంలేని పాములకు ఉండవు. చేతిలో పట్టుకుని చూస్తే తప్ప తెలియని తేడా! 2001లో బర్మా అడవుల్లో జో స్లొవిన్స్కీ అనే అమెరికన్ పాముల నిపుణుడు అలాంటి పొరపాటుకే బలయ్యాడు. ఆయన్ను కరిచింది 2021లో కొత్త జాతిగా ప్రకటించిన కట్లపామే కావచ్చని ఇప్పుడంటున్నారు.

డీఎన్ఏ వచ్చాక పాత పేర్లు చీలడం మొదలైంది. ఒకప్పుడు ఒకే జాతి అనుకున్న ఆసియా నాగుపాములు ఇప్పుడు పలు జాతులు. తూర్పు దేశాల రక్తపింజరను 2007లో వేరుచేశారు. 1836 నుంచి ఒక్కటిగా ఉన్న కింగ్ కోబ్రాను 2024లో నాలుగు చేశారు, అందులో పడమటి కనుమలది కాళింగ.

సీమ పాముల్లో ఇంకో జాతి దాగుందో లేదో ఇవేవీ చెప్పవు. నాకు మాత్రం అసలు చిక్కు మరోచోట కనిపిస్తోంది. విరుగుడు తయారీకి విషం ఎక్కువగా చెన్నై దగ్గర పాములు పట్టే ఇరుళ గిరిజనుల సహకార సంఘం నుంచే వెళ్తూ వచ్చింది. జాతి ఒకటే అయినా ప్రాంతాన్నిబట్టి రక్తపింజర విషం మారుతుందని పరిశోధనల్లో తేలింది. 2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుకు సుమారు 12 లక్షల మంది చనిపోయారని అంచనా, మరణాలు ఎక్కువున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అనంతపురం, కడప పింజరల విషానికి ఆ మందు ఎంత పనిచేస్తుందో పరీక్షించడానికి పాము పేరు మారేదాకా ఆగక్కర్లేదు.