ముడి వేసేది ఒకటి, విప్పనివ్వనిది ఇంకొకటి

వరంగల్‌లో ఏ వాడకు పోయినా బిళ్ళగన్నేరు కనిపిస్తుంది. నీళ్ళు పోయకపోయినా గోడ పగుళ్ళలోంచి మొలిచి పూస్తుంది. షుగర్‌కు మంచిదని పొద్దున్నే దాని ఆకులు నమిలేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. దయచేసి నమలకండి. ఆ మొక్కలో దొరికే విన్‌బ్లాస్టిన్, కణం రెండుగా విడిపోకుండా ఆపే విషం. కొలిచి, నరంలోకి ఎక్కిస్తేనే అది మందు. మూత్రాశయ క్యాన్సర్‌కు ఇచ్చే ఒక మందుల జంట కథ దానితోనే మొదలవుతుంది.

1980లలో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆసుపత్రి వైద్యులు, ముదిరిన మూత్రాశయ క్యాన్సర్‌కు దాన్ని మరో మూడు మందులతో కలిపి ఇచ్చారు. అందులో మెథోట్రెక్సేట్, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ అనే అమెరికా మందుల కంపెనీలో నడిపిన పరిశోధనల ఫలం. డోక్సోరుబిసిన్‌కు మూలం ఇటలీ మట్టిలో దొరికిన సూక్ష్మజీవి. నాలుగోది ప్లాటినం లోహంతో చేసిన సిస్‌ప్లాటిన్. ఒక మందుకు లొంగని కణాలు గడ్డలో ఎప్పుడూ కొన్ని ఉంటాయి, తర్వాత పెరిగేవి అవే. నాలుగు వైపుల నుంచి కొడితే తప్పించుకునేవి తగ్గుతాయి. గడ్డలు కరిగాయి, కానీ నోరంతా పుండ్లు, తెల్లకణాలు పడిపోయి జ్వరాలు.

2000లో వెలువడిన 405 మంది పరీక్షలో ఈ నాలుగింటికి పోటీగా జెమ్‌సిటాబిన్, సిస్‌ప్లాటిన్ జంటను నిలిపారు. సగం మంది బతికిన కాలం నాలుగు మందులతో 14.8 నెలలు, జంటతో 13.8 నెలలు. దాదాపు సమానమే. అయితే జంట తీసుకున్నవాళ్ళలో నోటిపుండ్లు, జ్వరాలు బాగా తగ్గాయి. ఉన్న నెలల్లో నోటికి ముద్ద ఎత్తగలగడం చిన్న సంగతి కాదు.

ఈ జంట పనిచేసే తీరు కొత్తవాడలో దర్రీలు నేసేవాళ్ళకు ఇట్టే అర్థమవుతుంది. పడుగులో పక్కపక్క పోగులు ముడిపడితే నేత సాగదు. సిస్‌ప్లాటిన్ డీఎన్ఏలో దాదాపు అలాంటి ముడే వేస్తుంది. కణం ఊరుకోదు, ముడిపడ్డ ముక్కను కత్తిరించి కొత్త పోగు అతకాలని చూస్తుంది. జెమ్‌సిటాబిన్ ఆ కొత్త నూలు తయారీనే తగ్గిస్తుంది. పైగా తానే పోగులా వేషం వేసుకుని లోపల చేరి, అల్లికను ఆపేస్తుంది.

మూత్రాశయ క్యాన్సర్‌కు అతి పెద్ద కారణం పొగ తాగడం. బీడీలతో బతికే కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో ఇది మరీ గట్టిగా చెప్పాల్సిన మాట. పొగలోని విషాలు రక్తంలోంచి మూత్రంలోకి దిగి, మూత్రాశయంలో గంటలకొద్దీ నిలుస్తాయి. నొప్పి లేకుండా మూత్రం ఎర్రగా వస్తే వేడి చేసిందని సబ్జా నీళ్ళు తాగి ఊరుకుంటారు. రెండు రోజుల్లో రక్తం దానంతటదే ఆగిపోవచ్చు, గడ్డ ఆగదు.

సిస్‌ప్లాటిన్‌కు ఒక షరతు ఉంది. అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, అందుకే ముందూ వెనకా సెలైన్ ఎక్కిస్తారు. మూత్రపిండాల వడపోత నిమిషానికి 60 మిల్లీలీటర్లకు తగ్గితే మామూలుగా అదే కోవకు చెందిన కార్బోప్లాటిన్‌కు మారుతారు. దాని బలం కొంత తక్కువ. 2023లో ఎన్‌ఫోర్టుమాబ్ వెడోటిన్, పెంబ్రోలిజుమాబ్ అనే కొత్త మందుల జంట, సగం మంది బతికిన కాలాన్ని 16.1 నెలల నుంచి 31.5కు పెంచింది. ధర మాత్రం మామూలు కుటుంబం మోయగలిగేది కాదు. అందుకే పాత జంటకు ఇంకా పని ఉంది.

కిడ్నీ నుంచి మూత్రాశయానికి వచ్చే మూత్రనాళానికి గడ్డ అడ్డుపడితే పైన కిడ్నీ ఉబ్బుతుంది. అప్పుడు కీమో కంటే ముందు లోపల స్టెంటో, వీపు నుంచి సన్నని గొట్టమో పెడతారు. "జబ్బు ఒకచోటుంటే పైపు ఇంకోచోట ఎందుకు సారూ?" అని ఇంటివాళ్ళు కంగారుపడతారు. అడ్డు తొలగి, కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ దిగివస్తే, అదే మనిషికి సిస్‌ప్లాటిన్ ఇవ్వడానికి మళ్ళీ వీలు దొరకొచ్చు.