ఇరవై గాస్కెట్ల కుక్కర్

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న కాచిగూడ పెళ్లిలో బరాత్ బయల్దేరగానే అందరూ డాన్సులకు దిగితే, మన చిన్నది మాత్రం బ్యాండువాళ్ల పక్కన నిలబడిపోయింది. పెళ్లికొడుకు గుర్రం దాటిపోయినా కదల్లేదు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అడిగింది: "తాతయ్యా, ఆ వంకర మెడ బూర ఆన్‌లైన్‌లో 30 వేలకు ఉంది. ఇంకోటి లక్ష దాటింది. రెండూ ఒకేలా మెరుస్తున్నాయి కదా, తేడా ఏంటి?" ఆటో చప్పుడులో ఏం చెబుతాను? ఫోన్‌లో చెబితే సగం వింటారు. అందుకే ఉత్తరం.

మన చిన్నది అడిగిన బూర పేరు టెనార్ సాక్సోఫోన్. ఎందుకు మోగుతుందో చెప్పమంటే నాకు ఫిజిక్స్ రాదు. కుక్కర్ వచ్చు.

వంటింట్లోకి వెళ్లి కుక్కర్ మూత తిరగేసి చూడండి. అంచున రబ్బరు చుట్టు ఉంటుంది, గాస్కెట్. అది సాగిపోయిందనుకోండి, కింద మంట మండుతూనే ఉంటుంది, అంచులోంచి ఆవిరి బుస్సుమంటూ పోతూనే ఉంటుంది, విజిల్ మాత్రం రాదు. పప్పు ఉడకదు. ఆ పూట మీ అమ్మమ్మ నా మీద ఎగురుతుంది, కొత్త గాస్కెట్ తెమ్మని వారం నుంచి చెబుతోంది కాబట్టి.

సాక్సోఫోన్ ఇరవై గాస్కెట్ల కుక్కర్. ఇత్తడి గొట్టం, ఒంటినిండా కన్నాలు, కన్నానికొక మూత, మూత లోపల తోలు తొడిగిన మెత్త. దాన్ని ప్యాడ్ అంటారు. ఇరవైకి పైనే ఉంటాయి. మీరు వేళ్లతో మీటలు నొక్కితే ఆ మూతలు దిగి కన్నాల మీద కూర్చుంటాయి. ఒక్కటి వెంట్రుకవాసి ఎత్తుగా కూర్చున్నా గాలి కారిపోతుంది. పై స్వరాలకు నాలుగైదు మూతలు మూస్తే చాలు కాబట్టి అవి ఎలాగోలా పలుకుతాయి. కింది స్వరాలకు పైనుంచి కిందిదాకా అన్నీ మూతపడాలి. బండారం అక్కడ బయటపడుతుంది. గుర్రుమంటుంది, వణుకుతుంది, లేదా అసలు నోరే మెదపదు.

మరి విజిల్ ఏది అంటారా? పైన నోట్లో పెట్టుకునే చిన్న రెల్లుముక్క, రీడ్. పప్పు ఏది అంటారా? పప్పు అంటే... మీ అమ్మమ్మ వెనక నిలబడి చదువుతూ "ఇక కుక్కర్ దించండి" అంటోంది. సరే.

30 వేల దానికీ లక్ష దానికీ తేడా మెరుపులో లేదు. మూతల్ని కదిపే కడ్డీల్లో ఉంది. చౌక వాటిలో ఆ లోహం మెత్తగా ఉంటుంది. నాలుగు నెలలు నొక్కేసరికి వంగుతుంది, మూత పక్కకి జరుగుతుంది. రిపేరు చేసేవాడు ఒకచోట సరిచేస్తే ఇంకోచోట వంగుతుంది. మీ అమ్మమ్మ కుక్కర్ కొనేటప్పుడు మొదట అడిగేది ధర కాదు, దీని గాస్కెట్ చిక్కడపల్లిలో దొరుకుతుందా అని. మీరూ అదే అడగండి: ఇది పాడైతే బాగుచేస్తానని చేతులో పట్టుకుని చెప్పే మనిషి ఊళ్లో ఉన్నాడా?

ఈ తెలివి నాకు ఊరికే రాలేదు. ఉద్యోగం వచ్చిన కొత్తలో ఒక దుకాణంలో సెకండ్‌హ్యాండ్ సాక్సోఫోన్ చూశాను. అద్దంలా ఉంది. రెండు నెలల జీతం పోసి కొన్నాను. దుకాణంలో ఊదింది పైన మూడు స్వరాలు. ఇంటికొచ్చి కింది సా ఊదితే గేదె మూలిగినట్టు వచ్చింది. తీసుకెళ్తే దుకాణదారు "మీకు ఊదడం రాదు సార్" అన్నాడు. నిజమే, రాదు. కానీ బూరకీ రాదు! మెడ గొట్టం ఎవరో పట్టుకు లాగి కిందికి వంచేశారని, పాలిష్ చేసి అమ్మారని తర్వాత తెలిసింది. అదిప్పటికీ అటక మీద ఉంది. దసరాకి దించి, తుడిచి, మళ్లీ పైన పెడతాను.

అసలు బూర పిచ్చి నాకు మీ వయసులోనే పట్టింది. మా చిన్నప్పుడు పెళ్లికి సన్నాయి మేళం వస్తే పిల్లలందరం ఎదురుగా వరసగా కూర్చుని చింతకాయలు చప్పరించేవాళ్లం. చూసేవాడికి నోరూరి పాట ఆగిపోతుందని మా కుట్ర. ఒకసారి సన్నాయి తాత వాయించడం ఆపి నన్ను చెవి పట్టుకుని దగ్గరికి లాగాడు. తిడతాడనుకున్నా. సన్నాయికి దారంతో వేలాడుతున్న పీక, అంటే ఊదే రెల్లుముక్క, ఒకటి తీసి నాలుక మీద పెట్టుకుని, "ఎండిపోతే ఇది పలకదురా. ఇంకో కాయ తెచ్చిపెట్టు" అన్నాడు. పెద్దవాళ్లు తిట్టాల్సినచోట తిట్టకపోతే అది యాభై ఏళ్లు గుర్తుంటుంది. మీ అమ్మకి కూడా చెప్పండి ఈ మాట.

సాక్సోఫోన్‌కీ అంతే. ఒళ్లంతా ఇత్తడే అయినా పలికించేది చిన్న రెల్లుముక్క, రీడ్. అందుకే దాన్ని కర్ర వాద్యాల్లో వేస్తారు. అడాల్ఫ్ సాక్స్ అనే బెల్జియం ఆయన చేసి 1846లో పారిస్‌లో పేటెంట్ తీసుకున్నాడు, పేరు కూడా ఆయనదే. మన దగ్గర కద్రి గోపాల్‌నాథ్ గారు దాని మీద త్యాగరాజ కృతులు వాయించారు. ఆయన నాన్నగారు నాగస్వర విద్వాంసులు. ఆ ఇంట్లో పీక కొత్త కాదు మరి.

గోపాల్‌నాథ్ గారి చేతిలో ఉండేది ఆల్టో, టెనార్ కంటే చిన్నది. ఇక్కడ మన చిన్నదానికి ఒక మాట. టెనార్ మూడు కిలోల పైనే ఉంటుంది. మెడకి పట్టీతో వేలాడదీసుకోవాలి. వేళ్లు చాలకపోతే ముందు ఆల్టో పట్టొచ్చు, వేళ్ల లెక్క రెండింటికీ ఒకటే, నేర్చుకున్నది ఎక్కడికీ పోదు. కానీ ఆ గొంతు నచ్చి అడిగింది. దాన్ని కాదనడానికి నాకు మనసు రావట్లేదు. ఒకసారి ఎత్తి పట్టుకోనివ్వండి, భుజమే చెబుతుంది. సంగీతం టీచరుగారు శ్రుతి అడిగితే ఆరున్నర అని చెప్పండి. టెనార్‌లో పుస్తకంలో సి అని రాసింది ఊదితే వచ్చేది అదే. ఆల్టోకి రెండున్నర.

ఇక డబ్బు సంగతి. ఊరూపేరూ లేని కొత్తదాని కంటే పేరున్న పాతది నయం. యమహా వాళ్లు నేర్చుకునేవాళ్ల కోసమే వైటీఎస్-280 అని చేస్తున్నారు, అంతకుముందు వైటీఎస్-23 ఉండేది. అలాంటిది పాతది దొరికితే, పది రూపాయలు ఎక్కువైనా, వాయించేవాళ్లెవరినైనా వెంటబెట్టుకెళ్లి కొనండి. మొత్తం డబ్బు దాని మీదే పోయకండి. మంచి మౌత్‌పీస్‌కీ (రీడ్ బిగించి నోట్లో పెట్టుకునే ముక్క), రీడ్ల పెట్టెకీ కొంత ఉంచుకోండి. రీడ్ 2 నంబరుతో, అంటే మెత్తటిదానితో, మొదలుపెట్టండి, అదీ టెనార్ రీడే. అవి అరుగుతాయి, చిట్లుతాయి, కొంటూనే ఉండాలి.

దుకాణానికి వెళ్లేటప్పుడు మన దీపావళి సీరియల్ లైట్లలో సన్నటి ఎల్ఈడీ తీగ ఒకటి జేబులో వేసుకెళ్లండి. మెడ తీసి, గొట్టంలోకి తీగ దింపి, లైట్లు ఆర్పమనండి. దుకాణదారు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. మీటలు మెల్లగా, గట్టిగా కాదు, ఒక్కోటీ నొక్కండి. మూత అంచున వెలుగు గీత కనబడితే అక్కడ గాస్కెట్ పోయినట్టే. నాకు ఆ రోజు ఈ ఉపాయం తెలియలేదు.

ఇంకొకటి ఉంది, అది చెప్పను, చూడాలి. మెడ గొట్టం మీద చిటికెనవేలి గోరంత మూత ఒకటి ఉంటుంది. ఎడమ బొటనవేలితో వెనక మీట నొక్కి పట్టుకుని జి అనే స్వరం నుంచి ఏ అనే స్వరానికి వెళ్లమనండి, అంటే ఉంగరం వేలు ఒక్కటి ఎత్తాలి, అంతే. బొటనవేలు కదలదు. పైన ఆ గోరంత మూత మాత్రం తనంతట తాను లేస్తుంది. వేలు దించితే మళ్లీ కూర్చుంటుంది. ఎక్కడో కింద వేలు కదిలిస్తే ఎక్కడో పైన మూత! అటక మీద నుంచి నా దాన్ని దించి నిన్న రాత్రి మళ్లీ చూశాను. పదిసార్లు ఎత్తి దించాను. ఇన్నేళ్లయినా ఏ కడ్డీ ఏ కడ్డీని తోస్తుందో కంటికి పూర్తిగా అందలేదు. ఆదివారం రండి. టార్చి తెచ్చుకోండి.

మీ
తాతయ్య
చిక్కడపల్లి