శబ్దం వేసే తూకం

పిల్లలూ,

2021లో కరోనా రెండో వేవ్ అప్పుడు మీ నాయనమ్మ మంచం పక్కన పెట్టిన ఆక్సిజన్ కాన్‌సన్‌ట్రేటర్ గుర్తుందా? "లోపల ఆక్సిజన్ ఎంతుందో దానికెలా తెలుస్తుంది తాతయ్యా?" అని చిన్నది అడిగింది. అప్పటి టెన్షన్‌లో నేను జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను.

ఆ మెషీన్ గదిలో గాలిని లాగి జియోలైట్ అనే సన్న రంధ్రాల ఖనిజపు గుళికల గుండా పంపుతుంది. అవి నైట్రోజన్‌ను పట్టి ఉంచుతాయి. బయటికొచ్చేది సుమారు 93 శాతం ఆక్సిజన్. గుళికలు తేమకు పాడైతే ఆ శాతం పడిపోతుంది, గాలి మాత్రం ట్యూబులోంచి ఎప్పటిలాగే వస్తుంది. పీల్చే మనిషికి తేడా తెలియదు. నాకు భయం వేసేది అందుకే.

ఆ తేడాను చాలా మెషీన్లలో అల్ట్రాసోనిక్ సెన్సర్ పట్టుకుంటుంది. చిన్న గొట్టానికి రెండు చివరలా రెండు బిళ్లలు ఉంటాయి. ఒకటి మన చెవికి అందని శబ్దం చేస్తుంది, రెండోది వింటుంది. 20 డిగ్రీల వేడిలో శబ్దం నైట్రోజన్‌లో సెకనుకు సుమారు 349 మీటర్లు పోతే, అంతకన్నా బరువైన ఆక్సిజన్‌లో 326 మీటర్లే పోతుంది. ఎంతసేపటికి చేరిందో చూస్తే ఏది ఎంతుందో లెక్క తేలుతుంది. గొట్టం పది సెంటీమీటర్లుంటే, ఒక శాతం మార్పుకు వచ్చే తేడా సెకనులో కోటి వంతులు చేస్తే రెండు వంతులు. అంత సన్నటి కాలాన్ని కొలవాలి!

అంతకన్నా కష్టం వేడితో. ఒక్క డిగ్రీ పెరిగితే శబ్దం సెకనుకు 0.6 మీటర్లు వేగం పుంజుకుంటుంది. ఒక శాతం ఆక్సిజన్‌కు వచ్చే మార్పు 0.23 మీటర్లే. అంటే పక్కనున్న థర్మామీటర్ ఒక్క డిగ్రీ తప్పితే లెక్క రెండున్నర శాతం తప్పుతుంది. నన్నడిగితే ఆ సెన్సర్ నమ్మకమంతా థర్మామీటర్ మీదే ఉంది.

గొట్టంలో గాలి కదులుతూ ఉంటుంది కదా, మరి? ఏటి వాలుకు పోయే పడవ త్వరగా చేరుతుంది, ఎదురెళ్లేది ఆలస్యమవుతుంది. అందుకే శబ్దాన్ని అటూ ఇటూ రెండు వైపులా పంపి, ప్రవాహం ప్రభావాన్ని తీసేస్తారు. ఆ రెండు వైపుల సమయాల తేడాతోనే నిమిషానికి ఎన్ని లీటర్లు పోతుందో కూడా తెలుస్తుంది.

ఒక చిక్కు మాత్రం ఉంది. శబ్దానికి గ్యాసు పేరు తెలియదు. గాలిలో ఒక శాతం లోపే ఉండే ఆర్గాన్‌ను గుళికలు ఆపవు, అదీ ఆక్సిజన్‌తో పాటు చిక్కబడుతుంది. దాన్ని ముందే లెక్కలో కలుపుకోవాలి.

ఒక మధ్యాహ్నం ఆక్సిజన్ శాతం తగ్గిందని మెషీన్ మీద పసుపు లైటు వెలిగింది, గుర్తుందా? నాయనమ్మను సిలిండర్ మీదకు మార్చి చూస్తే ఫిల్టర్ నిండా దుమ్ము. కడిగి, ఆరబెట్టి పెట్టాను. కాసేపటికి పచ్చలైటు వచ్చింది.

మీ తాతయ్య