పుట్టుకతోనే లాలాజలం కొరవడితే

లాలాజల గ్రంథులు సరిగా ఎదగకుండా పుట్టిన పిల్లలు నోరెండిపోతోందని తమంతట తాము చెప్పడం అరుదు. తడిగా ఉండే నోరు ఎలా ఉంటుందో వారికి అనుభవంలో లేదు. అన్నం తింటూ ముద్దముద్దకూ నీళ్లు తాగే పిల్లవాణ్ణి చూసి ఇంట్లోవాళ్లు అది అలవాటనుకుంటారు. అందువల్ల ఈ అరుదైన లోపాన్ని చాలాసార్లు ముందుగా బయటపెట్టేవి పళ్లే.

చెవుల ముందు, దవడ కింద, నాలుక కింద ఉండే మూడు జతల పెద్ద గ్రంథులు, నోటి లోపలి పొరలో చెదిరి ఉన్న వందలాది చిన్న గ్రంథులు కలిసి రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర వరకు లాలాజలాన్ని ఊరిస్తాయి. నోట్లోని బ్యాక్టీరియా చక్కెరను ఆమ్లంగా మార్చినప్పుడు, పీహెచ్ (ఆమ్లత కొలమానం; ఇది తగ్గేకొద్దీ ఆమ్లత ఎక్కువ) సుమారు 5.5 కంటే తగ్గితే పంటి ఎనామిల్ కరగడం మొదలవుతుంది; లాలాజలంలోని బైకార్బనేట్ ఆ ఆమ్లాన్ని విరిచేస్తే, కాల్షియం, ఫాస్ఫేట్ కరిగిన చోటును తిరిగి పూడుస్తాయి. దవడ కింది గ్రంథుల నాళాలు నాలుక అడుగున, కింది ముందుపళ్ల వెనకాలే తెరుచుకుంటాయి కనుక మామూలు పిల్లల్లో ఆ పళ్లు అంత తేలిగ్గా పుచ్చవు. పాలసీసా అలవాటుతో పైపళ్లన్నీ పాడైన పసివాడిలో కూడా అవి తరచు చెక్కుచెదరకుండా ఉంటాయి. అవే పుచ్చిపోయి కనిపిస్తే, తీపి ఎక్కువ తినిపిస్తున్నారని తల్లిని తప్పుపట్టే ముందు, నాలుక పైకెత్తి అక్కడ తడి ఊరుతోందో లేదో చూడాలి. ఆ చిన్న పరీక్షకు ఖర్చేమీ ఉండదు.

ఈ గ్రంథులు పిండదశలో ఆరో వారం నుంచి మొగ్గల్లా మొదలై, కొమ్మలు కొమ్మలుగా చీలుతూ పెరుగుతాయి. అలా చీలమని చెప్పే సంకేతాలలో ఎఫ్‌జీఎఫ్10 అనే ప్రోటీన్ ముఖ్యమైనది. దాని జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి దెబ్బతిన్నా లాలాజల గ్రంథులతో పాటు కన్నీటి గ్రంథులూ కుంచించుకుపోవచ్చని, లేదా అసలే ఏర్పడకపోవచ్చని 2005లో తేలింది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఈ మార్పు ఉంటే ప్రతి బిడ్డకూ అది సంక్రమించే అవకాశం సగానికి సగం. అయినా ఒకే కుటుంబంలో ఒకరికి తీవ్రంగా, మరొకరికి స్వల్పంగా ఉండవచ్చు. చెవులు, పళ్లు, వేళ్ల నిర్మాణంలో కూడా తేడాలుంటే లాడ్ సిండ్రోమ్ అనే జన్యులోపాన్ని అనుమానిస్తారు.

కళ్లు, నోరు రెండూ పొడిబారడం వల్ల దీన్ని షోగ్రెన్ వ్యాధిగా పొరబడే ప్రమాదం ఉంది. అది మామూలుగా ఎదిగిన గ్రంథులపై శరీర రక్షణ వ్యవస్థే దాడిచేసే జబ్బు. ఇక్కడ గ్రంథి మొదటినుంచీ ఎదగలేదు. అల్ట్రాసౌండ్‌లో గానీ ఎంఆర్ఐలో గానీ గ్రంథి ఉండవలసిన చోట కొవ్వు మాత్రమే కనిపిస్తే సంగతి తెలుస్తుంది.

లేని గ్రంథిని పుట్టించే చికిత్స ప్రస్తుతం లేదు. లాలాజలాన్ని ఊరించే పైలోకార్పిన్ వంటి మందులు కొంత గ్రంథి మిగిలి ఉన్నవారికే పనికొస్తాయి. మిగతావారికి తరచుగా గుక్కెడు నీళ్లు, కృత్రిమ లాలాజలం, ఫ్లోరైడ్ పూత, కొన్ని నెలలకోసారి దంతవైద్యుడి పరీక్ష తప్పవు. వీటిని పాలపళ్లు వస్తున్న దశలోనే మొదలుపెడితే చాలావరకు పళ్లను కాపాడుకోవచ్చు.